ఆంగ్లంలో అర్థసామ్యం గల పదాలు, వాటి భేదాలు

ఆంగ్ల భాషలో చూడటానికి ఒకే అర్థమున్నట్లు తోచి, వాడుకలో మాత్రం వేరు వేరు సందర్భాలకు చెందిన పదాలు అనేకం ఉన్నాయి. వీటిని అర్థసామ్యం గల పదాలు లేదా సమీపార్థక పదాలు అనవచ్చు. 'సీ, లుక్, వాచ్' అనే మూడింటికీ తెలుగులో 'చూచు' అనియే అర్థం చెప్పుకొంటాము. 'షేడ్, షాడో' రెండింటికీ 'నీడ' అనియే అంటాము. ఒక పదం స్థానంలో మరొకటి వాడినపుడు కొన్ని చోట్ల వాక్యం వినటానికి ఎబ్బెట్టుగా మాత్రమే ఉంటుంది. కొన్ని చోట్ల అర్థం పూర్తిగా తలక్రిందులవుతుంది. వైద్యం, న్యాయం వంటి రంగాలలో ఈ పొరపాటు మనుషులకు నష్టం కూడా కలిగించవచ్చు. తెలుగువారు తరచుగా తికమకపడే కొన్ని పదాల భేదాలు, వాటిని గుర్తించే పద్ధతులు ఈ వ్యాసంలో వివరించబడినవి. ఉచ్చారణ ఒకటిగా ఉండి అర్థం వేరైన పదాలు ఈ వ్యాస పరిధిలోనికి రావు.

చారిత్రక నేపథ్యం

ఆంగ్లంలో సమీపార్థక పదాలు ఇంత విస్తారంగా ఉండటానికి ఆ భాష చరిత్రయే ముఖ్య కారణం. క్రీ.శ. 1066లో నార్మండీ పాలకుడు విలియం ఇంగ్లండును జయించిన తరువాత రాజాస్థానంలోను, న్యాయస్థానాలలోను ఫ్రెంచి భాష నెలకొన్నది. సామాన్య ప్రజలు పాత ఆంగ్లాన్నే మాట్లాడుతూ వచ్చారు. న్యాయస్థానాలలో వాదనలు ఆంగ్లంలో జరగాలని 1362లో చట్టం చేయవలసి వచ్చింది. మతం, విద్య ద్వారా లాటిను పదాలు కూడా వచ్చి చేరాయి. ఈ విధంగా ఒకే భావానికి మూడు వరుసల పదాలు ఏర్పడ్డాయి. అడగడానికి దేశీయ పదం 'ఆస్క్', ఫ్రెంచి నుండి వచ్చినది 'క్వశ్చన్', లాటిను నుండి వచ్చినది 'ఇంటరాగేట్'. స్నేహితుడు 'ఆస్క్' చేస్తాడు, పై అధికారి 'క్వశ్చన్' చేస్తాడు, పోలీసులు 'ఇంటరాగేట్' చేస్తారు. పశువుల కాపరి నోట 'కౌ'గా ఉన్న ఆవు ప్రభువుల భోజనపు బల్ల మీదకు చేరేసరికి ఫ్రెంచి నుండి వచ్చిన 'బీఫ్' అయింది.

తెలుగు పాఠకులకు ఇది వింత కాదు. మన భాషలో కూడా దేశ్యపదాల ప్రక్కన సంస్కృత పదాలు నిలిచి ఉన్నాయి. 'ఇల్లు', 'గృహం' ఒకటే. అయినను 'గృహప్రవేశం' అంటాము గాని 'ఇల్లు ప్రవేశం' అనము. 'మంచినీళ్ళు' అడుగుతాము గాని 'మంచిజలం' అడగము.

ఈ పదాల మధ్య భేదాలను వివరించే గ్రంథాలు 18వ శతాబ్దం నుండి వెలువడ్డాయి. ఫ్రెంచి భాషకు 1718లో గాబ్రియేల్ జిరార్ ఇటువంటి గ్రంథం వ్రాశాడు. ఆంగ్లంలో హెస్టర్ పియోజీ 1794లోను, జార్జి క్రాబ్ 1816లోను పర్యాయపద గ్రంథాలు ప్రచురించారు. పదాలను భావాల వారీగా కూర్చిన పీటర్ మార్క్ రోజే 'థెసారస్' 1852లో వెలువడింది. సి.పి.బ్రౌన్ తెలుగు-ఆంగ్ల నిఘంటువు మద్రాసులో ముద్రితమైనది కూడా ఆ సంవత్సరమే.

తెలుగువారికి చిక్కు ఎక్కడ వస్తుంది

ఏ రెండు భాషలూ ప్రపంచాన్ని ఒకే విధంగా గళ్ళుగా విభజించవు. తెలుగులో ఒక గడిగా ఉన్నది ఆంగ్లంలో రెండు మూడు గళ్ళు కావచ్చు. దీనికి తారుమారుగా కూడా జరుగుతుంది. ఆంగ్లంలో 'బాయిల్' అనే ఒక్క మాట ఉన్నచోట మనకు నీళ్ళు మరుగుతాయి, పాలు కాగుతాయి, బియ్యం ఉడుకుతాయి. 'వాష్' అనే చోట బట్టలు ఉతుకుతాము, గిన్నెలు తోముతాము, కాళ్ళు కడుగుతాము. 'వియర్' అనే చోట చీర కడతాము, చొక్కా తొడుగుతాము, కళ్ళజోడు పెట్టుకుంటాము. 'మనము', 'మేము' అనే రెండింటికీ ఆంగ్లంలో 'వుయ్' ఒక్కటే. తెలుగు నేర్చుకొనే ఆంగ్లేయుడు 'బట్టలు తోమాను' అంటే మనకు నవ్వు వస్తుంది. ఆ పొరపాటుకు కారణం అతని తెలివితక్కువ కాదు. అతని మాతృభాషలో ఆ హద్దు లేకపోవడమే. మన విద్యార్థులు ఆంగ్లంలో చేసే తప్పులను కూడా ఇదే దృష్టితో చూడవలెను.

అందుచేత ఆంగ్ల పదానికి ఎదురుగా ఒక తెలుగు మాట వ్రాసుకొని వల్లె వేయడం వలన భేదం తెలియదు. ఆ పదం ఏ సందర్భంలో, ఏ మాటలతో కలసి వస్తుందో తెలిసికొనవలెను.

నిత్య వ్యవహారంలోని పదాలు

చూచు: కంటికి దానంతట అది కనబడితే 'సీ'. కావాలని దృష్టి నిలిపితే 'లుక్'. కదులుతున్న దానిని, జరుగుతున్న దానిని కొంతసేపు గమనిస్తూ ఉంటే 'వాచ్'. దారిలో పాము కనబడింది అనటానికి 'సీ', దాని వైపు చూశాను అనటానికి 'లుక్', అది పొదలోకి పోయేదాకా చూస్తూ నిలబడ్డాను అనటానికి 'వాచ్' వాడవలెను. 'లుక్' తరువాత చూచే వస్తువును చెప్పవలసివస్తే 'ఎట్' చేర్చాలి.

విను: చెవిన పడితే 'హియర్'. చెవి యొగ్గి వింటే 'లిజన్'. పాఠం జరుగుతున్నపుడు ఉపాధ్యాయుని గొంతు తరగతిలో అందరికీ 'హియర్' అవుతుంది. 'లిజన్' చేసేవారు కొందరే. 'లిజన్' తరువాత వినే విషయాన్ని చెప్పేటపుడు 'టు' రావాలి.

చెప్పు, మాట్లాడు: 'టెల్' తరువాత సాధారణంగా వినే మనిషి వస్తాడు. 'సే' తరువాత చెప్పిన మాట వస్తుంది. 'నాతో చెప్పాడు' అనటానికి 'హి టోల్డ్ మీ' అనాలి. 'హి సెడ్ మీ' అనడం తప్పు. 'సే' వాడదలచితే 'టు మీ' అనవలెను. 'స్పీక్' అనేది భాషలకు, ప్రసంగానికి చెందినది. 'టాక్' అనేది ఇద్దరు ముగ్గురు కూర్చొని చేసే సంభాషణకు తగినది.

చదువు: పుస్తకాన్ని, పత్రికను, ఉత్తరాన్ని 'రీడ్' చేస్తాము. విద్యార్థిగా ఒక తరగతిలోనో, ఒక విషయంలోనో చదవడం 'స్టడీ'. 'మా అబ్బాయి పదవ తరగతి చదువుతున్నాడు' అనటానికి 'రీడింగ్' అనడం మన ప్రాంతంలో వినబడే ప్రయోగం. ఇక్కడ 'స్టడీయింగ్' అనవలెను. ఇంగ్లండులో విశ్వవిద్యాలయ స్థాయిలో ఒక శాస్త్రాన్ని అభ్యసించడానికి 'రీడ్' అనే వాడుక కూడా ఉన్నది గాని అది పాఠశాల తరగతులకు వర్తించదు.

గెలుచు: ఆటను, పందాన్ని, ఎన్నికను, బహుమతిని 'విన్' చేస్తాము. ఎదుటి మనిషిని లేదా జట్టును 'బీట్' చేస్తాము. తెలుగులో 'ఆట గెలిచాడు', 'అతనిని గెలిచాడు' అని రెండు విధాలా అనవచ్చును కనుక 'హి వన్ హిమ్' అనే తప్పు వస్తుంది.

అప్పు: తీసుకుంటే 'బారో', ఇస్తే 'లెండ్'. తెలుగులో 'అప్పు' అనే మాట మారకుండా ఉండి 'తీసుకొను', 'ఇచ్చు' అనే క్రియలు దిశను చెబుతాయి. ఆంగ్లంలో మాటయే మారుతుంది. 'బారో' తరువాత 'ఫ్రమ్', 'లెండ్' తరువాత 'టు' వస్తాయని గుర్తుంచుకొంటే చాలు.

నీడ: ఎండ తగలని చల్లని చోటు 'షేడ్'. వెలుతురుకు అడ్డు నిలిచిన వస్తువు ఆకారంలో నేల మీదనో, గోడ మీదనో పడేది 'షాడో'. బాటసారి చెట్టు 'షేడ్'లో కూర్చుంటాడు. అతని వెంట నడిచేది అతని 'షాడో'.

ఇల్లు: గోడలు, పైకప్పు గల కట్టడం 'హౌస్'. మనవారు ఉండే చోటు, మన మనసు నిలిచే చోటు 'హోమ్'. కొనేది, అమ్మేది 'హౌస్'. సెలవులకు తిరిగి వెళ్ళేది 'హోమ్'.

తెలుగు వ్యాకరణం తోడ్పడే చోట్లు

కొన్ని జంటల విషయంలో మన మాతృభాషయే దారి చూపుతుంది. తెలుగులో 'లేచు' అకర్మక క్రియ, 'లేపు' సకర్మక క్రియ. ఆంగ్లంలో 'రైజ్', 'రెయిజ్' అనే క్రియల మధ్య ఇదే భేదం ఉన్నది. సూర్యుడు తనంతట తాను 'రైజ్' అవుతాడు. విద్యార్థి తన చేతిని 'రెయిజ్' చేస్తాడు. ఇటువంటివే మరికొన్ని:

- 'లై' అనగా పడుకొను. 'లే' అనగా పడుకోబెట్టు లేదా పరచు. 'లై' యొక్క భూతకాల రూపం కూడా 'లే' అయినందున ఆంగ్లేయులు సైతం ఇక్కడ తడబడతారు.
- 'సిట్' అనగా కూర్చొను. 'సీట్' అనగా కూర్చోబెట్టు.
- 'రిమెంబర్' అనగా జ్ఞాపకముంచుకొను లేదా జ్ఞాపకం తెచ్చుకొను. 'రిమైండ్' అనగా ఇతరులకు జ్ఞాపకం చేయు.

పని తనకు తాను జరుగుతున్నదా, మరొకరి మీద జరుగుతున్నదా అని తెలుగులో ఒకసారి అనుకొని చూస్తే సరియైన ఆంగ్ల పదం దొరుకుతుంది.

శాస్త్ర, వైద్య రంగాలలో

డిస్కవర్, ఇన్వెంట్: తెలుగు పాఠాలలో రెండింటికీ 'కనుగొన్నాడు' అని వ్రాయడం పరిపాటి. ప్రకృతిలో అంతకుముందే ఉన్నదానిని మొదటిసారి తెలిసికొనడం 'డిస్కవర్'. లేనిదానిని తయారు చేయడం 'ఇన్వెంట్'. 1928లో సి.వి.రామన్ కాంతి పరిక్షేపణలోని ఒక ధర్మాన్ని 'డిస్కవర్' చేశాడు. 1876లో పేటెంటు పొందిన టెలిఫోనును గ్రాహంబెల్ 'ఇన్వెంట్' చేశాడు. తెలుగులో మొదటిదానిని 'కనుగొనడం' అని, రెండవదానిని 'కనిపెట్టడం' అని వేరు చేసి వ్రాస్తే విద్యార్థులకు మేలు.

వెదర్, క్లైమేట్: ఈ రోజు వాన పడుతుందా, ఎండ కాస్తుందా అనేది 'వెదర్'. ఒక ప్రాంతంలో దీర్ఘకాలంగా ఉన్న సగటు స్థితి 'క్లైమేట్'. దీనిని సాధారణంగా 30 సంవత్సరాల సగటుతో లెక్కిస్తారు. మొదటిదానిని 'వాతావరణం' అని, రెండవదానిని 'శీతోష్ణస్థితి' అని పాఠ్యపుస్తకాలలో వాడతారు. ఒక సంవత్సరం చలి ఎక్కువగా ఉన్నంత మాత్రాన భూతాపం పెరగడం అబద్ధమని వాదించడం ఈ భేదం తెలియకపోవడం వలన వచ్చే పొరపాటు.

పాయిజనస్, వెనమస్: రెండూ 'విషం' గలవే. తిన్నా, త్రాగినా హాని చేసేది 'పాయిజనస్'. కరచి లేదా కుట్టి శరీరంలోకి విషాన్ని ఎక్కించేది 'వెనమస్'. గన్నేరు, ఉమ్మెత్త మొదటి రకం. నాగుపాము, తేలు రెండవ రకం.

ఇన్ఫెక్షియస్, కంటేజియస్: సూక్ష్మజీవుల వలన వచ్చి ఒక ప్రాణి నుండి మరొక ప్రాణికి ఏదో ఒక మార్గంలో సంక్రమించే వ్యాధి 'ఇన్ఫెక్షియస్'. వాటిలో రోగిని తాకడం వలన, దగ్గరగా మసలడం వలన వ్యాపించేది 'కంటేజియస్'. తెలుగులో రెండింటినీ 'అంటువ్యాధి' అంటారు. 'అంటు' అనగా తాకుట కనుక ఈ మాట నిజానికి రెండవదానికే తగినది. తట్టు 'కంటేజియస్'. మలేరియా మాత్రం 'ఇన్ఫెక్షియస్' అయినను 'కంటేజియస్' కాదు. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుతున్న విషయాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో కనుగొన్నాడు. కాబట్టి మలేరియా రోగికి దూరంగా జరగడం వలన ప్రయోజనం లేదు, దోమతెర కావాలి. హెచ్.ఐ.వి. విషయంలో ఈ భేదం మరింత ముఖ్యమైనది. కరచాలనం వలన గాని, కలసి భోజనం చేయడం వలన గాని అది సోకదు. అయినను 'అంటురోగం' అనే ఒక్క మాట కారణంగా ఆ రోగులను వెలివేసినట్లు చూసే ఇండ్లు, ఊళ్ళు ఉన్నాయి. సరియైన మాట తెలియడం ఇక్కడ భాషా విషయం మాత్రమే కాదు.

ఐసొలేషన్, క్వారంటైన్: 2020లో కోవిడ్ వ్యాపించినపుడు ఈ రెండు పదాలు పల్లెలకు కూడా చేరాయి. రోగం సోకినవారిని వేరుగా ఉంచడం 'ఐసొలేషన్'. రోగితో మసలినవారిని, సోకినదో లేదో తెలిసేవరకు విడిగా ఉంచడం 'క్వారంటైన్'. 'క్వారంటైన్' అనే మాటకు మూలం ఇటలీ భాషలో 'నలభై' అని అర్థమిచ్చే పదం. పూర్వం ప్లేగు భయం వలన ఓడలను 40 రోజులు రేవు వెలుపల నిలిపేవారు.

న్యాయ, పాలనా రంగాలలో

డౌట్, సస్పెక్ట్: తెలుగువారు అత్యంత జాగ్రత్తగా ఉండవలసిన జంట ఇది. తెలుగులో 'అనుమానం' అనే మాట రెండింటికీ సరిపోతుంది. ఒక ఉద్యోగి మీద డబ్బు తీసిన నెపం వచ్చినదనుకొందాము. 'అతడే తీసి ఉంటాడని నా అనుమానం' అనటానికి 'ఐ సస్పెక్ట్ దట్ హి టుక్ ఇట్' అనాలి. అదే చోట 'ఐ డౌట్ దట్ హి టుక్ ఇట్' అంటే 'అతడు తీశాడంటే నాకు నమ్మకం లేదు' అని అర్థం. మొదటి వాక్యం అతని వైపు వేలు చూపుతుంది. రెండవది అతని పక్షాన నిలుస్తుంది. వాంగ్మూలంలోనో, విచారణ నివేదికలోనో ఈ పదాలు తారుమారైతే సాక్షి చెప్పదలచినదానికి పూర్తి విరుద్ధమైన అర్థం కాగితం మీద నిలిచిపోతుంది. పాత ఆంగ్లంలోను, స్కాట్లండు వాడుకలోను 'డౌట్' అనే మాటకు 'సస్పెక్ట్' అర్థం కూడా ఉన్నది గాని నేటి ప్రామాణిక వ్రాతలో ఆ వాడుక లేదు. పాఠం అర్థం కానపుడు 'ఐ హావ్ ఎ డౌట్' అనడం భారతీయ ఆంగ్లంలో స్థిరపడిన ప్రయోగం. ఇతర దేశాలవారికి అది 'మీరు చెప్పినది నేను నమ్మడం లేదు' అన్నట్లు వినబడవచ్చు. వారితో మాట్లాడునపుడు 'క్వశ్చన్' అనడం మంచిది.

డినై, రెఫ్యూజ్: ఆరోపణను లేదా ఒక విషయాన్ని నిజం కాదనడం 'డినై'. అడిగిన పని చేయననడం 'రెఫ్యూజ్'. ముద్దాయి నేరాన్ని 'డినై' చేస్తాడు, సంతకం చేయటానికి 'రెఫ్యూజ్' చేస్తాడు.

తెఫ్ట్, రాబరీ, డెకాయిటీ: వాడుకలో అన్నీ దొంగతనాలే. చట్టంలో కాదు. ఒకరి స్వాధీనంలోని చరాస్తిని వారి సమ్మతి లేకుండా దురుద్దేశంతో తీసికొనడం 'తెఫ్ట్'. అందుకు హింసను గాని, తక్షణ హింస జరుగుతుందనే భయాన్ని గాని ఉపయోగిస్తే 'రాబరీ'. ఐదుగురు లేదా అంతకంటె ఎక్కువమంది కలసి 'రాబరీ' చేస్తే 'డెకాయిటీ'. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని ఈ విభజనను, 2024 జూలై 1 నుండి దాని స్థానంలో అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో కూడా కొనసాగించారు. మూడింటికీ శిక్షలు వేరు.

డిసింట్రెస్టెడ్, అనింట్రెస్టెడ్: స్వలాభాపేక్ష లేనివాడు మొదటివాడు. ఆసక్తి లేనివాడు రెండవవాడు. న్యాయమూర్తి మొదటి విధంగా ఉండాలి గాని రెండవ విధంగా ఉండరాదు. ఈ భేదం నేటి వాడుకలో కొంత చెరిగిపోతున్నది.

ఎకనామిక్, ఎకనామికల్: ఆర్థిక వ్యవస్థకు సంబంధించినది మొదటిది. పొదుపైనది రెండవది. ప్రభుత్వానిది 'ఎకనామిక్' విధానం. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం నడిచే బండి 'ఎకనామికల్'.

వ్యాకర్తల నియమాలు, వాడుక

పుస్తకాలలో కనిపించే భేదాలన్నీ సమానమైన బలం గలవి కావు. లెక్కింపదగిన వాటికి 'ఫ్యూయర్', లెక్కింపరాని వాటికి 'లెస్' వాడాలని బోధిస్తారు. కాని 9వ శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రాజు కాలం నుండి లెక్కింపదగిన వాటికి కూడా 'లెస్' వాడిన దాఖలాలు ఉన్నాయి. 1770లో రాబర్ట్ బేకర్ తన అభిరుచిగా చెప్పిన మాట తరువాతివారి చేతిలో నియమమైంది. అట్లే ఇద్దరి మధ్య అయితే 'బిట్వీన్', అంతకు మించితే 'అమాంగ్' అని చెబుతారు. అయితే మూడు దేశాలు ఒకదానితో ఒకటి విడివిడిగా ఒప్పందపడినపుడు 'బిట్వీన్' అనడమే సహజం. పరీక్షలలో, అధికారిక లేఖలలో ఇటువంటి నియమాలను పాటించడం క్షేమకరం. ఇతరుల సంభాషణలో వీటిని తప్పులుగా ఎత్తిచూపనవసరం లేదు. 'డౌట్, సస్పెక్ట్' వంటి జంటల సంగతి వేరు. వాటిని తారుమారు చేస్తే భావమే చెడుతుంది.

భేదాన్ని గుర్తించే పద్ధతి

రెండు పదాల మధ్య సందేహం కలిగినపుడు ఈ క్రింది ప్రశ్నలు వేసుకొనడం ఉపయోగకరం.

- పని కావాలని చేసినదా, దానంతట అది జరిగినదా? ('లిజన్, హియర్')
- పని ఎవరి నుండి ఎవరి వైపు సాగుతున్నది? ('బారో, లెండ్')
- క్రియ తరువాత మనిషి వస్తాడా, విషయం వస్తుందా? ('టెల్, సే', 'బీట్, విన్')
- కర్మ అవసరమా, అనవసరమా? ('రెయిజ్, రైజ్')
- ఈ రంగంలో ఆ పదానికి చట్టం లేదా శాస్త్రం ప్రత్యేకార్థం నిర్ణయించినదా? ('తెఫ్ట్, రాబరీ')
- పదం మార్చితే వాక్యం ఎబ్బెట్టు అవుతుందా, అర్థమే మారుతుందా?

ఆంగ్ల-తెలుగు నిఘంటువు పదానికి దారి చూపుతుంది. భేదం తెలియటానికి మాత్రం ఉదాహరణ వాక్యాలు గల ఆంగ్ల-ఆంగ్ల నిఘంటువును చూడవలెను. ఆంగ్లం మాతృభాష కాని విద్యార్థుల కోసం ఎ.ఎస్.హార్న్‌బీ తన సహచరులతో కలసి జపానులో కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. దానినే 1948లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. ప్రతి క్రియ తరువాత ఏ నిర్మాణం రావాలో చూపడం దాని విశిష్టత. 'ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ' పేరుతో అది నేటికీ కొత్త ముద్రణలు పొందుతున్నది. కొత్త పదం ఎదురైనపుడు దాని తెలుగు అర్థంతో పాటు ఒక పూర్తి వాక్యాన్ని కూడా వ్రాసిపెట్టుకొనే విద్యార్థికి ఈ వ్యాసంలో లేని జంటల భేదం కూడా క్రమంగా తెలియవస్తుంది.